పైకి కాదు, పైనుంచి

నవంబర్ 22, శనివారం

రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. పెన్ను దొరకలేదు. పెన్ను దొరికాక కళ్లజోడు దొరకలేదు. అది నుదుటి మీదే ఉందని తెలిశాక ఇక సాకు దొరకలేదు. ఇది నా రేడియో రిపేరు షాపు మూసేసిన రోజున మిగిలిపోయిన రిజిస్టరు. ముందు పేజీల్లో అలెగ్జాండ్రియాలో సగం రేడియోల జబ్బులున్నాయి. వెనక పేజీలు తెల్లగా ఉన్నాయి కదా అని, అంతే.

నా భార్య ఇన్సాఫ్ దమన్‌హూర్‌లో ఉంది, వాళ్ల అన్న లబీబ్ ఇంట్లో. లబీబ్ పోయాడు, అది ఇప్పుడు ఆయన భార్య ఫౌజియా ఇల్లు అనాలి. నలభయ్యో రోజు ప్రార్థన లెక్క ప్రకారం రేపు, ఆదివారం. ఫాదర్‌గారికి ఆదివారం వీలుకాదని దాన్ని శుక్రవారానికి, అంటే నిన్నటికి జరిపారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. నేను నిన్న పొద్దున్నే శుక్రవారం సంతకి వెళ్లి స్పీకర్లు కొనుక్కున్నాను.

సాయంత్రం ఇన్సాఫ్ ఫోన్.

"ఎక్కడున్నావు రుష్దీ?"

"ఇంట్లోనే."

"నాకూ అదే అనుమానం. స్టేషన్‌కి మనిషిని పంపాం. ఎనిమిది గంటల బండి చూశాడు, పది గంటల బండి చూశాడు. అందరూ అడిగితే నీకు జ్వరమని చెప్పాను. ఫాదర్‌గారు లబీబ్ ఆత్మ కోసం ప్రార్థించి, ఆ పక్కనే నీ ఆరోగ్యం కోసం కూడా ప్రార్థించారు. చర్చిలో నిలబడి అబద్ధం చెప్పించావు నాచేత."

"నాకు నువ్వు చెప్పలేదు."

"బుధవారం చేపలు వేయిస్తూ రెండుసార్లు చెప్పాను. నేను గురువారం వెళ్తాను, నువ్వు శుక్రవారం ఎనిమిది గంటల బండికి రా అని. 'హాదిర్' అన్నావు. రెండుసార్లూ 'హాదిర్, అలాగే' అన్నావు."

"అనలేదు."

"సరే. నేనిక్కడే ఉంటాను. ఫౌజియాకి తోడు కావాలి. నీకు తోడు నీ పెట్టెలున్నాయిగా."

పెట్టేసింది.

చెప్పలేదు. చెప్పి ఉంటే వినేవాణ్ణి.

నవంబర్ 23, ఆదివారం

స్పీకర్ల సంగతి రాస్తాను. మనసు తేలికపడుతుంది.

హాల్లో టీవీకి అటూ ఇటూ నిలువు స్పీకర్లు రెండు, వెనక రెండు, మధ్యలో ఒకటి ఎప్పట్నుంచో ఉన్నాయి. లేనిది పైన. ఇప్పటి సినిమాల్లో వాన ముందు నుంచి రాదు, నెత్తిన పడుతుంది. దానికోసం కప్పుకి చిల్లులు పొడవడం ఇష్టం లేనివాళ్లకి ఈ కొత్తరకం స్పీకర్లు. రొట్టెముక్కంత పెట్టె, పైముఖం ఏటవాలుగా ఉంటుంది. నిలువు స్పీకరు నెత్తిన దీన్ని కూర్చోబెడితే ఇది శబ్దాన్ని కప్పు మీదకి విసురుతుంది, కప్పు దాన్ని మన మీదకి తిప్పికొడుతుంది. బంతీ గోడా లెక్క. సంతలో జత దొరికింది. అమ్మినవాడికి అవేమిటో తెలీదు, చెప్పుల స్టాండు అనుకున్నట్టున్నాడు.

ఇదంతా ఇన్సాఫ్ కోసమే. ఆవిడకి సినిమాల్లో వాన అంటే ఇష్టం. అడిగి తెలుసుకోలేదు గానీ, ఉండే ఉంటుంది.

పెట్టి చూశాను. వాన పడలేదు. ఎవరో పక్కగదిలో బఠాణీలు వేయిస్తున్నట్టుంది.

సబ్రీ వచ్చాడు. నలభై ఏళ్లుగా కాఫీ దుకాణంలో నా ఎదుటి కుర్చీ వాడిదే, వడ్రంగి పని మానేసి పదేళ్లు. నన్ను ఇప్పటికీ ఉస్తా అంటాడు, పనితనం తెలిసిన మేస్త్రీ అని. తల పైకెత్తి చాలాసేపు చూశాడు.

"ఉస్తా, నీ కప్పు ఎంత ఎత్తుంది?"

"నాలుగు మీటర్ల పైచిలుకు."

"మధ్యలో ఆ ద్రాక్షగుత్తులేమిటి?"

"ప్లాస్టర్. ఈ బిల్డింగు కట్టిన ఇటలీ మేస్త్రీ ప్రతి గదికీ ఒక పండు పెట్టాడు. హాల్లో ద్రాక్ష, పడగ్గదిలో దానిమ్మ, వంటింట్లో ఏమీ లేదు. వంటింట్లో పండెందుకు అనుకున్నాడో ఏమో."

"అదీ సంగతి. నీ వాన ద్రాక్షల్లో చిక్కుకుంది. దీనికి పొట్టి కప్పు, చదును కప్పు కావాలి. కొత్త అపార్టుమెంట్లలో ఉంటుందే, చెయ్యెత్తితే తగిలేది."

నిజమే. ఇబ్రాహీమియా పేటలో పాత ఇంట్లో ఉండటం గొప్పే గానీ, గొప్పతనానికి ప్రతిధ్వని సరిగ్గా రాదు.

నవంబర్ 24

ఫోన్ చేశాను. ఫౌజియా ఎత్తింది. ఇన్సాఫ్ స్నానం చేస్తోందట.

నవంబర్ 25

క్రిస్మస్ ఉపవాసాలు మొదలు. మా చర్చిలో క్రిస్మస్ జనవరి ఏడున, అప్పటిదాకా మాంసం, పాలు, గుడ్లు లేవు. నాకు పప్పు వండటం వచ్చు. అది పప్పని ఎవరికైనా తెలియాలంటే నేనే చెప్పాలి.

ఫోన్ చేశాను. స్నానం చేస్తోంది. నిన్నటిదే ఇంకా అవలేదేమో.

నవంబర్ 26, బుధవారం

ఉపాయం తట్టింది. కప్పు నుంచి తిప్పికొట్టించడం దేనికి? ఆ పెట్టెల్నే తీసుకెళ్లి గోడకి పైన బిగిస్తే? ఎత్తులో ఉండాల్సిన శబ్దం ఎత్తు నుంచే వస్తుంది. ద్రాక్షతో పనిలేదు.

సబ్రీ నిచ్చెన తెచ్చాడు. ఇద్దరం కలిపి నూట నలభై ఏళ్లు, ఒక నిచ్చెన. ఎవరు ఎక్కాలని కాసేపు మర్యాదలు.

"నువ్వెక్కు ఉస్తా, ఇల్లు నీది."

"నువ్వెక్కు, నిచ్చెన నీది."

చివరికి వాడే ఎక్కాడు. టీవీ గోడకి రెండు చివర్లా, కప్పుకి మూరెడు కింద రెండు చిన్న అరలు కొట్టి వాటిమీద పెట్టెలు పెట్టాం. పెట్టె మీద బాణం గుర్తుంది, కొన పైకి. అట్టడబ్బా మీద ఇంగ్లీషులో కూడా పైకి అనే ఉంది. నేను ఇంగ్లీషు నేర్చుకున్నది రేడియో వాల్వుల పుస్తకాల్లోంచి, ఒంటరిగా, డిక్షనరీతో. అందులో ఉన్నదంతా ఆజ్ఞలే: తిప్పు, బిగించు, తాకకు. అందుకే ఇంగ్లీషు ఏది చెప్పినా నాకు ఆజ్ఞలా వినిపిస్తుంది. పైకి అంటే పైకే. ఏటవాలు ముఖం పైకి పెట్టాం.

ఉరుముల సినిమా వేశాం. గదిలో పెద్దగా ఏమీ లేదు. శబ్దం పెంచాను.

నవంబర్ 27, గురువారం

పొద్దున్నే తలుపు మీద కర్రతో కొట్టినట్టు. పై అంతస్తు మదామ్ సుహైర్. ఆడపిల్లల స్కూల్లో ముప్ఫై ఏళ్లు సంగీతం చెప్పి రిటైరయింది. ఇప్పటికీ బిల్డింగులో ఎవరు శ్రుతి తప్పినా మెట్లు దిగి వస్తుంది.

"రుష్దీ, నిన్న నా మంచం కింద యుద్ధం జరిగింది."

"ఉరుములు మదామ్."

"ఉరుములు పైన ఉంటాయని చిన్నప్పుడు చదువుకున్నాను. నాకు కిందనుంచి వచ్చాయి. ఏం చేశావు?"

చూపించాను. ఆవిడ తలెత్తి అరల్ని చూసింది. నన్ను చూసింది. ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలంటే జాలేసింది.

"నీకు శబ్దం పైకి కావాలా, పైనుంచి కావాలా?"

"పైనుంచి."

"మరి పైకెందుకు పంపుతున్నావు? పైన నేనున్నాను!"

పైకి, పైనుంచి. ఒక ముక్క తేడా. నాలుగు మీటర్లు ఎక్కి కూడా ఆ పెట్టెలు ఇంకా పైకే చూస్తున్నాయి. స్టూలెక్కిన గుమస్తా ఇంకా పై ఆఫీసరు కోసం వెతుక్కున్నట్టు.

"కాఫీ తాగుతారా మదామ్?"

"ఇన్సాఫ్ చేస్తే తాగేదాన్ని. ఎప్పుడొస్తుంది?"

"ఫౌజియాకి తోడుగా ఉంది. వస్తుంది."

ఆవిడ ఇంకేదో అంది. హాదిర్ అన్నాను. వెళ్లిపోయింది.

నవంబర్ 28, శుక్రవారం

పెట్టెల్ని బోర్లించాం. ఏటవాలు ముఖం ఇప్పుడు కిందకి, సరిగ్గా నా కుర్చీ వైపు. వెనక చిన్న మీట కూడా ఉంది, ఇన్నాళ్లూ చూడలేదు. అది ఒకవైపు ఉంటే స్పీకరు తాను కప్పుకి కొట్టి వస్తున్నట్టు గొంతు మార్చుకుంటుంది, రెండోవైపు ఉంటే తన మామూలు గొంతుతో పలుకుతుంది. గోడమీద ఉన్నవాడికి నటన దేనికి, మామూలు వైపుకి జరిపాం. రిసీవర్‌లో కూడా మార్చాను. రిసీవర్ అంటే అందరికీ శబ్దం పంచిపెట్టే పెట్టె. దానికి ఫలానావాడు ఇప్పుడు ఎక్కడ కూర్చున్నాడో చెప్పాలి, లేకపోతే పాత చిరునామాకే పంపుతుంది.

వాన సినిమా వేశాం.

పడింది! గది నడినెత్తిన పడింది. సబ్రీ అసంకల్పితంగా టోపీ సర్దుకున్నాడు.

"ఉస్తా," అన్నాడు, "బయట ఊరికే పడే వానకి నువ్వింత ఖర్చు పెట్టావంటే ఎవరూ నమ్మరు."

ఒకటే లోపం. కుడివైపు స్పీకరు నీరసంగా ఉంది. వాన ఎడమ భుజం మీద పడుతోంది, కుడి భుజం పొడిగా ఉంది. సంత సరుకు, ఏం చేస్తాం.

నవంబర్ 29

కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చాను. విచిత్రం. ఇప్పుడు కుడివైపుకి వెళ్లిన మంచి స్పీకరు నీరసపడింది, ఎడమకి వచ్చిన చెడ్డది కోలుకుంది. అయితే స్పీకర్లవి కాదు. వైరు.

నవంబర్ 30

వైరు మార్చాను. వైరుది కాదు.

రిసీవర్‌తో ఒక మైకు వస్తుంది. దాన్ని మనం కూర్చునే చోట, చెవి ఎత్తులో పెడితే ఒక్కొక్క స్పీకరునీ విని అదే అన్ని స్పీకర్లనీ తూకం వేస్తుంది. వేసింది. కుడి ఎడమా సమానం, తేడా లేదంది. మైకు పాడైంది.

ఇన్సాఫ్ ఫోన్ ఎత్తింది!

"పప్పులో జీలకర్ర ఎప్పుడు వెయ్యాలి?" అన్నాను. వేరే చాలా అనాల్సి ఉంది.

చెప్పింది. ఆ మధ్యలో ఇంకేదో కూడా చెప్పింది. ఫోను అప్పుడు కుడివైపుంది, లైను బాగాలేదు.

"హాదిర్," అన్నాను.

తర్వాత పెట్టేసిన చప్పుడు. ఆ చప్పుడు మాత్రం బాగా వినిపించింది.

డిసెంబర్ 2, మంగళవారం

కుర్చీ తిప్పి, టీవీకి వీపు పెట్టి కూర్చుని విన్నాను. ఎందుకంటే ఒక రిపేరువాడు అన్నిరకాలుగానూ చూడాలి. ఒకప్పుడు ఒకాయన రేడియో తెచ్చి, వార్తలు ఎప్పుడూ చెడ్డవే వస్తున్నాయి, బాగుచెయ్యి అన్నాడు. తీసుకుని, దుమ్ము దులిపి, ఇంకో స్టేషన్ పెట్టి ఇచ్చాను. నెల తర్వాత వచ్చి థాంక్స్ చెప్పాడు. చెప్పొచ్చేదేమిటంటే, జబ్బు అన్నిసార్లూ పెట్టెలో ఉండదు.

ఏం రాస్తున్నాను? ఆఁ, కుర్చీ. తిప్పి కూర్చుంటే నీరసం గదిలో ఇటుపక్క నుంచి అటుపక్కకి మారిపోయింది. స్పీకర్లు కదల్లేదు. వైర్లు కదల్లేదు. కదిలింది కుర్చీ, దాంట్లో నేను.

రిసీవరే పాడై ఉండాలి.

డిసెంబర్ 3

ఏమీ రాయలేదు.

డిసెంబర్ 4, గురువారం

కాసిమ్ గాలివాన వచ్చేసింది, ఎప్పటిలాగే చెప్పిన తేదీకి. ఈ ఊళ్లో గాలివానలకి పేర్లూ ఉన్నాయి, క్రమశిక్షణా ఉంది. మనుషుల్లో అంత మాటమీద నిలబడేవాళ్లు తక్కువ. సముద్రం ఒడ్డునున్న కార్నీష్ రోడ్డు మీదకి ఎక్కిందట.

రిసీవర్‌లో కుడివైపు శబ్దం పెంచాను. ఇంకా పెంచాను. ఇప్పుడు సమానంగా ఉంది. చాలా బాగుంది. రేపు మధ్యాహ్నానికి సబ్రీనీ మదామ్ సుహైర్‌నీ పిలిచాను. ఇన్సాఫ్‌కి కూడా ఫోన్‌లో రాసి పంపాను: వాన సిద్ధం, రా.

చదివింది. చదివినట్టు రెండు గీతలు నీలంగా మారాయి.

డిసెంబర్ 5, శుక్రవారం

వచ్చారు. చూశారు. వెళ్లారు. సబ్రీ మఫ్లరు మర్చిపోయాడు.

డిసెంబర్ 7, ఆదివారం

సరే, రాస్తాను. ఎవరు చదవొచ్చారు.

సినిమా మొదలై వాన పడగానే సబ్రీ తల ఎడమకి వంచాడు, కుడివైపు నుంచి ఎవరో కొట్టబోతున్నట్టు. మదామ్ సుహైర్ చెవి మూసుకుంది.

"కుడివైపు అరుస్తోంది రుష్దీ, ఎడమవైపు గొణుగుతోంది. ఇదేం వాన?"

"సమానంగా ఉంది మదామ్."

"సబ్రీ, నువ్వు చెప్పు."

"నాకు వడ్రంగమే తెలుసు మదామ్," అన్నాడు సబ్రీ నేల చూస్తూ. "కానీ బల్ల ఒకవైపు ఒరిగింది."

నేను మైకు కథ, వైరు కథ, కుర్చీ కథ అన్నీ చెప్పాను. కుర్చీ కథ దగ్గర ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. నేను టీవీ ఆపి, కాఫీ పోయడానికి లేచి నిలబడ్డాను. మదామ్ సుహైర్ నా కుడిపక్కకి వచ్చిందట. కాఫీ కప్పు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, "రుష్దీ, నీ వంటింటికి నిప్పంటుకుంది" అందట.

నేను, "హాదిర్ మదామ్" అన్నాను. చక్కెర డబ్బా అందించాను.

సబ్రీ నవ్వాడు. కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. తర్వాత ఉన్నట్టుండి ఆపేశాడు. వాడు ఆపకుండా ఉంటే బాగుండేది.

మదామ్ సుహైర్ నా ఎదుటికి వచ్చి కూర్చుంది. "ఎన్నాళ్లయింది?"

"ఏమిటి ఎన్నాళ్లు?"

"నాకు తెలిసి నిరుడు రంజాన్ నుంచి. మెట్ల మీద కుడివైపు నుంచి పలకరిస్తే నవ్వి హాదిర్ అంటావు. మొదట్లో మర్యాదనుకున్నాను."

ఆ మాట గురించే రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. హాదిర్. స్కూల్లో పేరు పిలిస్తే లేచి అనేవాళ్లం: హాజరు, ఇదిగో ఉన్నాను. తర్వాత పటాలంలో అన్నాను. షాపులో గిరాకీలతో అన్నాను. ఇంట్లో అన్నాను. ఈ దేశంలో ఆ మాటొక్కటి అంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. అమ్మ సంతోషిస్తుంది, ఆఫీసరు ముందుకి పోతాడు, భార్య చేపలు తిప్పుకుంటుంది. వినపడలేదు అంటే నాలుగుసార్లు చెప్పించుకోవాలి, నాలుగోసారి అవతలివాళ్ల మొహం మారిపోతుంది. నేను ఆ మొహం చూశాను, ఒకటి రెండుసార్లు. హాదిర్ చవక.

మాటల్ని పెడచెవిన పెడతావు అనేది ఇన్సాఫ్ ఎప్పుడూ. అది తిట్టనుకున్నాను. వివరమట.

ఆ బుధవారం చేపలు వేయిస్తుంటే నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ నాకు కుడివైపే ఉంది. చెప్పే ఉంటుంది.

చెప్పింది.

డిసెంబర్ 8, సోమవారం

చెవి డాక్టరు. చిన్నపిల్ల, మా అమ్మాయి హాలా కంటే చిన్నది. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినపడితే మీట నొక్కమంది. ఎడమచెవిలో దడదడ నొక్కాను. కుడిచెవిలో కూడా నొక్కుతూనే ఉన్నాను. తలుపు తెరిచి లోపలికి వచ్చింది.

"రుష్దీ బాబాయ్, నేనింకా శబ్దమే ఇవ్వలేదు."

యంత్రానికి కూడా హాదిర్ అన్నాను.

కుడిచెవి చాలావరకు పోయిందట, తిరిగి రాదట. గులిమి కాదా అని అడిగాను, ఆశగా. కాదంది. చిన్న మిషను పెట్టుకుంటే కొంత పని జరుగుతుందంది. ఇంటికొచ్చి రిసీవర్‌లో కుడివైపు శబ్దాన్ని మళ్లీ మామూలుకి తగ్గించాను. స్పీకర్లకి క్షమాపణ చెప్పలేదు గానీ, దుమ్ము తుడిచాను. మైకుని కూడా.

డిసెంబర్ 9, మంగళవారం

ఎనిమిది గంటల బండికే వెళ్లాను. పద్దెనిమిది రోజులు ఆలస్యంగా.

దారిపొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. మొదట చెవి, తర్వాత డాక్టరు, తర్వాత లబీబ్, చివర్లో కాస్త నవ్వు. దమన్‌హూర్‌లో దిగేసరికి నవ్వు ఒక్కటే గుర్తుంది, అది అప్పటికి పనికొచ్చేది కాదు.

ఫౌజియా తలుపు తీసింది. నల్లబట్టల్లో సన్నబడిపోయింది. "జ్వరం తగ్గిందా?" అంది.

"జ్వరం లేదమ్మా. ఆ రోజు నేను సంతలో ఉన్నాను. రావాల్సింది, రాలేదు. లబీబ్ నాకోసమైతే వచ్చేవాడు."

"మూడు గంటల ముందే వచ్చేవాడు," అంది ఫౌజియా. "వచ్చి తినడానికేముందని అడిగేవాడు." పక్కకి జరిగి దారిచ్చింది.

ఇన్సాఫ్ వంటింట్లో క్యాబేజీ ఆకుల్లో అన్నం చుడుతోంది. తలెత్తలేదు. నేను కూడబలుక్కున్నదాంట్లో మొదటి మాట కోసం వెతుక్కుంటున్నాను. ఆవిడ లేచి, అటు తిరిగి, కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో ఏదో అంది.

హాదిర్ పళ్ల దాకా వచ్చింది. మింగాను.

"వినపడలేదు," అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. మళ్లీ అంది, అటువైపు తిరిగే.

"అదీ వినపడలేదు ఇన్సాఫ్."

కుళాయి కట్టేసింది. వచ్చి నా ఎదురుగా నిలబడింది. మొహం మారలేదు. నేను అదే చూస్తున్నాను, మారుతుందేమోనని.

"ఏ చెవి?"

"కుడిది. నిన్న డాక్టరు చెప్పింది."

"నాకు తెలుసు. రెండేళ్లయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాను. హాదిర్ అన్నావు."

వెనకాల ఫౌజియా నవ్విందో ఏడ్చిందో తెలీదు, ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఎడమవైపు.

"చెవిటివాడితో కాపురం చెయ్యగలను రుష్దీ," అంది ఇన్సాఫ్. "మా నాన్నతో చేసింది మా అమ్మ, అరిచి అరిచి గొంతు పాటగత్తెది అయింది. కానీ నేను మా అన్న పోయాడని చెప్పినా, కూర మాడిందని చెప్పినా ఒకటే హాదిర్ అంటే, ఇంట్లో నేను ఉన్నానా లేనా అని నాకే అనుమానం వచ్చేది."

విన్నాను.

"ఇంతకీ మొదట ఏమన్నావు?" అని అడిగాను.

"బూట్లు విప్పమన్నాను. ఇల్లంతా బురద చేశావు."

చూసుకుంటే నిజమే. విప్పాను.

ముగ్గురం కలిసి సమాధుల దగ్గరికి వెళ్లాం. ఫౌజియా దారిలో పూలు కొంది. నేను లబీబ్‌కి చెప్పాల్సింది చెప్పాను, కాస్త గట్టిగా. నాకు ఇప్పుడు నా గొంతు ఎంత గట్టిగా ఉందో సరిగ్గా తెలియడం లేదట, ఇన్సాఫ్ మోచేత్తో పొడిచింది. తిరిగొచ్చి క్యాబేజీ చుట్టలు తిన్నాం. ఫౌజియా, "ఇక వెళ్లండి, మా చెల్లెలు గురువారం వస్తోంది, మీ ఇద్దరి గోల నాకొద్దు" అంది. ఇన్సాఫ్ సంచీ సర్దుకుంది.

నాలుగు గంటల బండి ఎక్కాం. కిటకిటలాడుతోంది. తలుపు దగ్గర నిలబడ్డాం. కఫ్ర్ దవ్వార్ స్టేషన్‌లో ఒక సీటు ఖాళీ అయింది. ఆవిడ కూర్చుంది. నేను ఇటు తిరిగి, నా ఎడమచెవి ఆవిడ వైపు ఉండేలా నిలబడ్డాను.